మిలిట్రీ హోటలుకు నేను పోయిన ఆదివారం

మా ఇంట్లో నాకు ఇద్దరు అత్తలు. ఒకరు మునిలక్ష్మమ్మ, మా ఆయన ధనుంజయను కన్న తల్లి. రెండోది చింతామణి టమాటా మండీ పక్కనుండే మునినారాయణ మిలిట్రీ హోటలు. మొదటి అత్త జ్వరం వచ్చినప్పుడైనా నా వంటకు వంక పెట్టకుండా తింటుంది. రెండో అత్త ఇరవై నాలుగేండ్లలో ఒక్క ఆదివారం కూడా ఊరకుండలేదు.

మాది బట్లహళ్ళి. ఆదివారం పొద్దున్నే మా ఆయన టమాటా బాక్సులు వేసుకుని చింతామణి మండీకి పోతాడు. వేలం అయిపోయినాక నలుగురు స్నేహితులతో మునినారాయణ హోటల్లో కూర్చుని రాగి సంగటి, మటన్ సారు తింటాడు. సారంటే మా పక్క పులుసు. మూడు గంటలకు ఇంటికొస్తాడు. ఆ లోపల ఇంట్లో నేను కూడా అదే సంగటి, అదే మటన్ సారు చేసి పెట్టి ఉంటాను. ఆయన నేరుగా పొయ్యి దగ్గరికొచ్చి, మూత తీసి, గరిటెతో అరచేతిలో ఒక బొట్టు వేసుకుని నాకి, కండ్లు మూసుకుని తీర్పు చెప్తాడు.

"బాగుండాది. కానీ మునినారాయణ సారు ముందర ఇది నీళ్ళే."

తీర్పు చెప్పేసి రెండు ముద్దలు ఆ నీళ్ళతోనే తింటాడు. హోటల్లో తిన్నది యాడికి పోతుందో నాకు ఈ రోజుకీ తెలీదు.

మిలిట్రీ హోటలంటే సైన్యంతో సంబంధమేమీ లేదు. మాంసమూ సంగటీ పెట్టే చోటు. ఆడవాళ్ళు రాకూడదని బోర్డు యాడా ఉండదు. రారు, అంతే.

నేను బయటి తిండి ఎప్పుడూ తినలేదని చెబితే అబద్ధమవుతుంది. నా పుట్టిల్లు బాగేపల్లి. మా నాయన మునిశామప్ప చెనిక్కాయల వ్యాపారం చేసేవాడు. బస్టాండు దగ్గర ఒక హోటల్లో ఆయన పెనం మీది దోసె తిని, మాకు పార్సిల్ కట్టించుకొని వచ్చేవాడు. ఆ పార్సిల్ మా వీధికి చేరేలోపల దోసె తడిసిన గుడ్డలాగ అయ్యేది. దోసె అంటే మెత్తగా, చెమట పట్టి ఉండేదని నేను పదేండ్లొచ్చే దాకా అనుకుంటూ ఉన్నాను.

పోయిన సంవత్సరం పెండ్లిరోజుకు చిక్కబళ్ళాపురంలో ఒక ఫ్యామిలీ రెస్టారెంటుకు కూడా పోయాము. మా కూతురు అర్పిత ఆ ఊర్లోనే డిగ్రీ చదువుతాంది, దాని బలవంతం. లోపల పట్టపగలే చీకటి. పెండ్లి ఆల్బం అంత లావు మెనూ తెచ్చి పెట్టినారు. మా ఆయన దాన్ని తనవైపుకు తిప్పుకొని, ఒక్క పేజీ చూసి, అందరికీ రోటీలు, పనీరు, గోబీ మంచూరి చెప్పేశాడు. వెయిటరు నా వైపు తిరిగి "మేడమ్, నిమగే?" అని కన్నడంలో అడిగాడు. ఒక హోటల్లో ఒక మనిషి నన్ను ఏం కావాలని అడగడం నా బతుకులో అదే మొదలు. ఆ ప్రశ్న నాకేనని నేను తెలుసుకునే లోపల మా ఆయన "వాళ్ళకూ అదే" అని జవాబు కూడా ఇచ్చేశాడు. పనీరు పాయసంలాగ తియ్యగా ఉండింది. ఇంటికొచ్చినాక ఆయనకు కడుపు నిండలేదంటే నేనే సంగటి కెలికాను. పెండ్లిరోజు కదా అని పైన కొంచెం నెయ్యి కూడా వేశాను.

ఇట్లా జరుగుతూ ఉండగా ఒక ఆదివారం మా ఆయన మామూలుగా అరచెయ్యి నాకి, మామూలు తీర్పు చెప్పాడు. అర్పిత సెలవులకు ఇంట్లో ఉండింది. ఫోన్లోంచి తల ఎత్తింది.

"నాయనా, అమ్మ ఆ హోటలు సారు ఎప్పుడన్నా తినిందా?"

"మీ అమ్మ యాడ తినింటాది? అది ఆడోళ్ళు పోయే చోటు కాదు మే."

"మరి రెండూ తిననోళ్ళకు ఏది మేలో ఎట్ల తెలుస్తాది? నువ్వొక్కడివే జడ్జి, నువ్వే సాక్షి."

నేను సంగటి కెలుకుతూనే అన్నాను. "పోయేది కాళ్ళతో, తినేది నోరుతో. రెండూ నాకు కూడా ఉండాయి."

మా ఆయన నవ్వాడు. "సరే, వచ్చే ఆదివారం రా. తిని చూడు. నీదే మేలని నీకనిపిస్తే నేనింక మునినారాయణ పేరు ఈ ఇంట్లో ఎత్తను. ఆయనదే మేలైతే మాత్రం అందరి ముందర ఒప్పుకోవాల."

నేను రానని ఆయన ధైర్యం. నా వంటింటి నుంచి ఆ పేరు పోవడానికి దొరికింది ఇదొక్కటే దారి. "వస్తాను" అన్నాను.

ఆ వారమంతా నాకు దిగులే. ఇరవై నాలుగేండ్లు చూడని శత్రువు. ఒకవేళ నిజంగానే నా సారు కంటే బాగుంటే? ఆ మాట మా ఆయన ఇంకో ఇరవై నాలుగేండ్లు చెప్పుకోవడానికి నేనే పత్రం రాసిచ్చినట్టు.

ఆదివారం పన్నెండున్నరకు అర్పితా నేనూ బస్సు దిగి హోటల్లో అడుగు పెట్టాము. అంతవరకూ తేనెటీగల పెట్టెలాగ ఉన్న చోటు పవర్ పోయిన మిల్లులాగ అయింది. ఎముక పీలుస్తున్న ఒకాయన ఎముకను ఆకు కింద దాచేశాడు. ఎవరో టీవీ శబ్దం తగ్గించారు. మా ఆయన స్నేహితుడు పురుషోత్తమ్ తల మీద టవలు తీసి భుజాన వేసుకున్నాడు, దేవస్థానంలోకి వచ్చినట్టు. మా ఆయన మొహంలో మాత్రం ఆ టవలు పాటి మర్యాద కూడా లేదు. నిజంగానే వచ్చేసిందే అన్నట్టు చూశాడు.

మునినారాయణ గల్లాపెట్టె దగ్గరి నుంచి పరుగున వచ్చాడు. బట్టతల, మెడలో రుద్రాక్ష. ఇంత శాంతంగా కనిపించే మనిషా నన్ను ఇన్నేండ్లు ఏడిపించిందని ఆశ్చర్యమేసింది.

"రాండమ్మా, రాండి. ఈడ కూచోండి" అని మూలలో ఒక బల్ల తుడిచి, కుర్చీలు గోడవైపుకు తిప్పాడు. మిలిట్రీ హోటల్లో ఆడవాళ్ళకు చేసే గౌరవం అదేనట. మొహం గోడకు, వీపు జనానికి. గోడ మీద ఒక ఎరువుల కంపెనీ క్యాలెండరుంది. ఆ సంవత్సరం ఏకాదశులన్నీ నేను చదివేశాను.

అంజినప్ప అని ఒక ముసలాయన అక్కడ వడ్డించే మనిషి. ఆకు వేసి, సంగటి పెట్టి, గుంట చేసి, సారు పోశాడు.

ముందు సారు ఒక్కటే వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. వెనక హోటలంతా వింటూ ఉందని వీపుకు తెలుస్తాంది.

ఉల్లిగడ్డ సరిగ్గా వేగలేదు. కొబ్బరి బరకగా ఉంది. లవంగం ఒకటి ఎక్కువ పడింది, ఆ ఘాటు వెనక మాంసం దాక్కునుంది. చెడ్డ సారు కాదు. నా సారుకు మాత్రం ఒక మెట్టు కిందే. పక్కన కూర్చున్న అర్పిత కూడా తిని, కనుబొమ్మలు ఎత్తి నా వైపు చూసింది. దానికీ తెలిసిపోయింది. గెలిచాను. ఇంక తల తిప్పి చెప్పడమే మిగిలింది.

చెప్పే ముందు సంగటి ఒక ముక్క తుంచాను. వేలు కాలింది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ముద్ద లోపలి నుంచి ఆవిరి వచ్చింది. ఇంట్లో నేను సంగటి కెలికి దించితే ముందు మా అత్తకు, తర్వాత ఆయనకు, తర్వాత అర్పితకు, కూలికి వచ్చినోళ్ళకు. అందరికీ మారు వడ్డించి నేను కూర్చునేసరికి అడుగున మిగిలిన ముద్ద ఇటుకరాయిలాగ గట్టిపడి ఉంటుంది. దాన్ని చల్లారిన సారుతో మెత్తబరచుకొని మింగుతాను. వేలు కాలేంత వేడి సంగటి నేను చివరగా తినింది బాగేపల్లిలో, పెండ్లికి ముందు. ఆ సంగతి ఇన్నేండ్లలో నాకే గుర్తు రాలేదు.

మొదటి తునక నమలకుండా మింగాను. గొంతు నుంచి కడుపు దాకా అది పోయిన దారి తెలిసింది.

"నిదానంగా తినమ్మా" అన్నాడు అంజినప్ప, బకెట్టుతో పక్కనే నిలబడి. "ఇంకొంచెం సారు పోస్తునా? నల్లి ఎముక వేస్తునా?"

వేయమన్నాను. నన్ను అడిగిన ప్రశ్నకు ఈసారి నేనే జవాబు చెప్పాను.

"ఏమే, ఎట్లుండాది?" అని మా ఆయన వెనక నుంచి గట్టిగా అడిగాడు. "అందరూ కాసుకోని ఉండారు."

నేను లోపల లెక్క వేసుకున్నాను. నాదే మేలంటే నాకు వచ్చేదేముంది? అదే పొయ్యి, అదే ఆదివారం, అదే ఇటుకరాయి. వంక పెట్టేవాడు ఉండడు, అంతే. గెలుపు ఇంత చిన్నదని బస్సెక్కే ముందు తెలియలేదు.

కుర్చీ తిప్పుకొని కూర్చున్నాను.

"బాగుండాది. దీని ముందర నాది నీళ్ళే."

హోటలంతా నవ్వింది. పురుషోత్తమ్ బల్ల చరిచాడు. మునినారాయణ రెండు చేతులూ జోడించాడు. మా ఆయన మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. అర్పిత ఒక్కతే నోరు తెరుచుకొని నన్ను చూస్తాంది.

"అందుకే" అన్నాను, "ఇంత మంచి సారు పెట్టుకొని ఇంట్లో నువ్వు నీళ్ళెందుకు తాగాల? ఇంక ఆదివారం నేను పొయ్యి ముట్టించను. అత్తను కూడా పిలుచుకొని అందరమూ ఈడికే వస్తాము."

మా ఆయన చెయ్యి మీసం మీదే నిలిచిపోయింది.

మాట తప్పే మనిషిని కాను. మరుసటి ఆదివారం మా అత్తతో సహా వచ్చాను. కుర్చీలు జనం వైపుకు తిప్పించాను. పండ్లు లేని మా అత్త, సంగటికి పండ్లతో పనేముందని, ఒకటిన్నర ముద్ద మింగింది. అరవై ఎనిమిదేండ్లకు మొదటిసారి హోటలు చూసిన మనిషి, అంజినప్ప దగ్గర ఉప్పు తక్కువైందని చెప్పి వేయించుకుంది. పురుషోత్తమ్‌ను "ఏమప్పా, మీ అమ్మ బాగుండాదా?" అని అంత దూరం నుంచే పలకరించింది. అతను బూతు జోకు సగంలో మింగేశాడు. మూడో వారానికి ఆ స్నేహితులు ఇంకో మూలకు మారారు. మా ఆయన మా బల్ల దగ్గర, తల్లికీ కూతురికీ మధ్యలో, బడిలో మొదటి బెంచీ పిల్లోడిలాగ కూర్చుని తింటున్నాడు. బెల్టు వదులు చేసుకోవడానికి లేదు, ఎముక గట్టిగా పీల్చడానికి లేదు.

నాలుగో ఆదివారం ఆయన సగం ముద్దకే ఆగిపోయాడు. నా వైపు వంగి, చాలా మెల్లగా అన్నాడు.

"నిజం చెప్పల్లంటే, ఇంట్లో సారే మేలు మే. నీ చేతిది."

ఇరవై నాలుగేండ్లు ఈ మాట కోసమే కొబ్బరి మెత్తగా రుబ్బాను. వచ్చింది. విన్నాను. బాగానే ఉండింది.

"అట్లనా. అయితే కొంచెం గట్టిగా చెప్పు, మునినారాయణప్పకు వినపడనీ."

ఆయన గల్లాపెట్టె వైపు చూశాడు. మూలలో ఉన్న పురుషోత్తమ్ వైపు చూశాడు. తర్వాత తన ఆకు వైపు చూసుకున్నాడు.

"ఊరికే నా మనసు నొచ్చుకుంటాదని అంటాండావులే" అని, నేను అంజినప్ప కోసం చెయ్యి ఎత్తాను. "ఈడ ఇంకొక సంగటి వెయ్యప్పా. వేడిది."