బిళ్ళ నంబరు ఆరువందల పద్నాలుగు

నేనొక ఇత్తడి బిళ్ళను. పైన దారానికో కన్నం, మధ్యలో ఒక అంకె, అంతే నా ఒళ్ళు. అంకె చుట్టూ ఒకప్పుడు మిల్లు పేరూ, నగరం పేరూ ఉండేవి. వాటిని పైపైన కొట్టారు కాబట్టి మొలతాళ్ళ రాపిడికి అరిగిపోయాయి. అంకెను మాత్రం లోతుగా దించారు. మనుషులు దేన్ని గట్టిగా గుర్తుపెట్టుకోదలిచారో పుట్టిన రోజే నాకు అర్థమైంది.

మిల్లు ఇనుప షెడ్డులోనే పుట్టాను, నాలాంటివి బస్తాలకొద్దీ పుట్టాయి. అప్పట్లో మా నగరానికి గడియారాలు అక్కర్లేదు. మిల్లు కూత కూస్తే లేవాలి, కూస్తే తినాలి, పసిపిల్లలకు పాలివ్వడం కూడా కూతను బట్టే. గేటు దగ్గర కాపలావాడు ఇత్తడిని చూసేవాడు గానీ మొహాన్ని చూసేవాడు కాదు. కార్మికులు కూడా ఒకరినొకరు అంకెలతోనే పిలుచుకునేవాళ్ళు. "నాలుగొందల పదికి ఆడపిల్ల పుట్టిందట" అని సంబరంగా చెప్పుకునేవాళ్ళు. పురుడు పోసుకున్నది అంకె కాదని ఎవరికీ తోచేది కాదు.

నన్ను మొదట కట్టుకున్నవాడు దూది దుమ్ము మింగి మింగి దగ్గుతో పోయాడు. ఆ ఉద్యోగంతోపాటు నేను కూడా అతని కొడుకు మొగిలికి వచ్చాను. మొగిలి నెమ్మదస్తుడు, కాస్త పిరికివాడు. అతని భార్య రాధమ్మ ధైర్యం ఇద్దరికీ సరిపోయేది. మిల్లు వాళ్ళు ఇచ్చిన రెండు గదుల క్వార్టరులో పిల్లలతో ఉండేవాళ్ళు.

వాళ్ళ పక్కింట్లో ఓదెలు ఉండేవాడు. అతనికి బిళ్ళ లేదు. బదిలీ మనిషి. రోజూ పొద్దున్నే గేటు ముందు నిలబడి, ఎవరైనా పనికి రాకపోతే తనను లోపలికి పిలుస్తారేమోనని కళ్ళలో ఒత్తులు వేసుకుని చూసేవాడు. మిల్లులో ఒక రివాజు ఉండేది. ఒంట్లో బాగాలేక నాగా పెడితే ఎక్కడ పని పోతుందోనని, జ్వరమొచ్చినవాడు తన బిళ్ళను నమ్మకమైన బదిలీకి కట్టి పంపేవాడు. లోపల ఆ రోజుకు వాడే వీడు. రూలు ప్రకారం అది తప్పు, దొరికితే ఉద్యోగం ఊడుతుంది. అందరికీ తెలుసు, అందరూ చేసేవాళ్ళు.

అలా నేను అప్పుడప్పుడూ ఓదెలు ఇంటికి వెళ్ళేదాన్ని. అతని చిన్న కూతురు సరోజన నన్ను నోట్లో పెట్టుకుని కొరికేది. "తినకు బిడ్డా, అది మన బువ్వ" అని అతను నవ్వేవాడు. భార్య కనకవ్వ నన్ను పసుపు నీళ్ళతో కడిగి మరీ అతని మొలతాడుకు కట్టేది. ఏ ఇంట్లోనూ నాకంత మర్యాద జరగలేదు, నిజం చెబుతున్నాను.

ఆ రోజు మొగిలికి చలిజ్వరం. ఓదెలు నన్ను కట్టుకుని దూది గదిలోకి వెళ్ళాడు. కనకవ్వ పత్తి ఏరడానికి పక్కూరు వెళ్ళింది కాబట్టి అతనికి ఆ రోజు లోపల పని దొరికిందనే ఆమెకు తెలియదు. మధ్యాహ్నం కూతకు ముందు ఎక్కడో నిప్పురవ్వ లేచింది. దూదికి నిప్పంటుకుంటే అరిచే వ్యవధి కూడా ఉండదు. లోపల ఉన్నవాళ్ళెవరూ బయటికి రాలేదు. బూడిదలోంచి నన్ను తీసినప్పుడు అతని ఆనవాళ్ళు ఇంకేవీ మిగల్లేదు.

కాపలావాడు నన్ను పట్టుకుని మొగిలి ఇంటికి వచ్చాడు. రాధమ్మ గడపలో నిలబడింది.

"అమ్మా, గుండె దిటవు చేసుకో. మొగిలి పోయిండు" అన్నాడు.

ఆమె వెనక, లోపలి గదిలో, దుప్పటి ముసుగులో మొగిలి వణుకుతున్నాడు. తన చావు కబురు తన చెవులతోనే విన్నాడు. రాధమ్మ నన్ను చేతిలోకి తీసుకుంది. నల్లబడిన ఇత్తడిని చూసింది, పక్కింటి గడపకేసి చూసింది. ఉన్నమాట చెబితే ఉద్యోగం పోతుంది, ఇల్లు పోతుంది, పోలీసులు వస్తారు. చెప్పకపోతే చచ్చినవాడి పెళ్ళానికి మిల్లులో పని, పిల్లలకు నీడ. ఆమె తలుపు దగ్గరికి లాగి, గుమ్మంలో కూలబడి గుండెలు బాదుకుంది. ఆ ఏడుపు అబద్ధం కాదు, నేను చూశాను. ఎవరికోసమన్నదే అబద్ధం.

జనం చూస్తుండగా ఆమె గాజులు పగలగొట్టారు, బొట్టు తుడిచారు. తెల్లారేలోపు మొగిలి గొంగడి కప్పుకుని, మగ్గాల పని దొరికే భీవండికి రైలెక్కాడు. గొంగడి మనిషిని స్టేషనులో ఎవరో చూశారు. ఓదెలు ఇంటికి రాలేదని తెలియగానే ఆ మనిషి ఓదెలేనని తీర్మానించేశారు. పెళ్ళాం పిల్లను వదిలి పారిపోయాడని మిల్లు కాలనీ అంతా తిట్టిపోసింది. రాధమ్మ కాదనలేదు, ఔననలేదు.

మొగిలి నుంచి మొదట్లో కబుర్లు వచ్చేవి. తర్వాత సూరత్ వెళ్ళాడన్నారు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. కానీ ఏటా పెద్దల అమావాస్య, పెత్రమాస నాడు, ఇరుగుపొరుగు చూస్తారు కాబట్టి, రాధమ్మ పూజారి అయ్యగారికి మొగిలి పేరు మీద బియ్యం ఇచ్చేది. ఎక్కడో అన్నం తింటున్న మనిషికి ఇక్కడ పితృదానం! పక్కింట్లో కనకవ్వ పావలా కాసంత బొట్టు పెట్టుకుని రైలు చప్పుడైనప్పుడల్లా తలుపు వైపు చూసేది. అలా చూస్తూనే పోయింది. ముత్తైదువ చావని అందరూ మెచ్చుకున్నారు. రాధమ్మను విధవరాలని పాడె దగ్గరికి రానివ్వలేదు.

మిల్లు మూతపడింది. యంత్రాలు తుక్కు కింద పోయాయి, ఆ జాగాలో ఫ్లాట్లు లేచాయి. ఉన్నంతకాలం తిట్టుకున్న మిల్లును పోయాక మనుషులు తెగ ప్రేమించడం మొదలుపెట్టారు. కార్మికుల పిల్లలు కూడబలుక్కుని ఒక ఫంక్షన్ హాలులో జ్ఞాపకాల సభ పెట్టారు. పాత వస్తువులు తెచ్చి, తమ ఇంటి కథ చెప్పాలి. నూలు కండెలు, టిఫిన్ డబ్బాలు, ఫొటోలు బల్లల మీద పరిచారు. ముసలి రాధమ్మ నన్ను కొంగున ముడివేసుకుని వచ్చింది. అమరుడు మొగిలి భార్యగా ఆమెకు శాలువా కప్పుతారట.

ఆమె కంటే ముందు సరోజన మైకు పట్టుకుంది. జుట్టు నెరిసింది. "మా నాయిన గురించి చెప్పేటందుకేం లేదు" అంది. "అగ్గి అంటుకున్న నాడే మమ్ముల ఇడిసి పెట్టి పోయిండు. మా ఇంట్ల ఆయన పేరు నేను ఎత్తనియ్యలే. నా పిల్లలకు గూడ చెప్పలే. నేను చెప్పొచ్చింది మా అమ్మ గురించి."

కొంగు ముడిలో రాధమ్మ వేళ్ళు నన్ను నలిపేశాయి. శాలువా తెచ్చినవాళ్ళను తోసేసి లేచి, ముడి విప్పి నన్ను పైకెత్తింది.

"ఇది కట్టుకొని కాలిపోయింది నా పెనిమిటి గాదు బిడ్డా. మీ నాయిన."

రాధమ్మ ఉన్నదంతా చెప్పింది, ఏదీ దాచలేదు. సరోజన ఆమె చేతిలోంచి నన్ను తీసుకుని, నా మసిని బొటనవేలితో రుద్దింది.

"అవ్వా, ఇన్నేండ్లు నా కండ్ల ముంగటనే తిరిగితివి గదనే" అంది. "నేను ఆయనను తిట్టంగ ఇన్నవు. ఒక్కనాడన్న నోరు రాకపాయెనా?"

సభ పెట్టినవాళ్ళు ఇబ్బందిగా కదిలారు. రోడ్డు పక్కన అమరుల రాతి మీద మొగిలి పేరు చెక్కించి ఉంది, ఇప్పుడు మార్చాలంటే కమిటీ కూర్చోవాలన్నారు. నన్ను అద్దాల పెట్టెలో పెడతామన్నారు. సరోజన వినిపించుకోలేదు. నన్ను ఇంటికి తీసుకెళ్ళింది. చింతపండుతో తోమినా నా మసి పూర్తిగా వదల్లేదు.

పెత్రమాస వచ్చింది. పళ్ళెంలో బియ్యం, కూరగాయలు, వాటి మీద నేను. సరోజన వంతు రాగానే అయ్యగారు ఎవరి పేరు మీదని అడిగాడు. ఆమె పళ్ళెం ముందుకు జరిపింది. "ఓదెలు" అంది. మళ్ళీ అందరికీ వినిపించేలా, "మా నాయిన, ఓదెలు" అంది. ఎన్ని చేతులు మారినా అంకెగానే బతికిన నాకు, ఇన్నాళ్ళకు పక్కన ఒక పేరు దొరికింది. నాకు కన్నీళ్ళు ఉంటే ఏడ్చేదాన్ని.

ఆ వెనకే రాధమ్మ పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. "మొగిలి పేరే గదమ్మా, ఎప్పటిలెక్క?" అని అయ్యగారు అలవాటుగా చెయ్యి చాపాడు.

రాధమ్మ పళ్ళెం వెనక్కి తీసుకుంది.

"ఆగు అయ్యా. ఉన్నడో లేడో నాకెర్కలేదు."

అయ్యగారికి ఏం చెయ్యాలో తోచలేదు. స్టేషను వైపు నుంచి రైలు కూత వినిపించింది. రాధమ్మ తల తిప్పి అటు చూసింది.