ముక్కలక్క ఎంచి ఇచ్చిన కడ్డీ

ముక్కలక్క అప్పటికే నాలుగో కట్ట విప్పుతోంది. ఇనుప కొట్టు వెనక రేకుల షెడ్డులో, నడుమెత్తు బల్ల ముందు నిలబడి, కోత మిషను దగ్గర మిగిలిన ముక్కల్ని లావును బట్టి వేరు చేయడం ఆమె పని. ఇరవై తొమ్మిదేళ్లుగా అదే బల్ల. ఎడమ చెప్పు మడమ దగ్గర అరిగి ఒక పక్కకు ఒరిగింది. కుడిచేతి చూపుడువేలికి గోరు లేదు. చేరిన కొత్తలో కడ్డీ జారిపడి ఊడిపోయింది. ఆ రోజు కూడా సెలవు పెట్టలేదు. భర్త ఇల్లు వదిలి అప్పటికి నెల, చంకలో పిల్ల. ఆ పిల్ల ఇప్పుడు వేరే ఊళ్ళో నర్సు.

చేతిబలం కోసం కడ్డీలు వంచేవాళ్ళు యజమానిని దాటుకుని నేరుగా ఆమె దగ్గరికే వస్తారు. నల్ల కడ్డీ లొంగుతుంది. మెరుగు కడ్డీ అదే లావైనా మొండికేస్తుంది. ఇళ్ళు కట్టే గీతల కడ్డీ అరచేయి చీరేస్తుంది. స్ప్రింగు ఉక్కును అసలు ముట్టనివ్వదు. "అది వంగదు, విరుగుతుంది. ఎగిరొచ్చి కంట్లోనే పడుతుంది" అంటుంది. ఒకరికి ఇచ్చేవన్నీ ఒకే కట్టలోంచి తీస్తుంది. లేకపోతే బలం పెరిగిందో, ఇనుమే మెత్తనిదో ఎలా తెలుస్తుంది?

పదకొండింటికి లారీ డ్రైవరు వచ్చాడు. ఏడాది కిందట పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది. స్టీరింగు పట్టగలిగిన రోజున రమ్మన్నారు కంపెనీవాళ్ళు. అప్పటినుంచి ప్రతి శనివారం ఒక కడ్డీ పట్టుకెళ్తాడు.

"చూడక్కా, వంగింది!" అంటూ పోయినవారం కడ్డీ బల్లమీద పెట్టాడు.

ఆమె దాన్ని వెలుతురులో తిప్పింది. బొటనవేలు ఒకచోట ఆగింది.

"వైసు దవడల్లో బిగించి వంచావు కదూ?"

"లేదక్కా, చేత్తోనే."

"నాకైతే చెప్పావు. మరి ఈ పళ్ళగాట్లకేం చెప్తావు?"

అతని భుజాలు వాలిపోయాయి. "మా ఆవిడ రోజూ అడుగుతోందక్కా, వంగిందా అని. లేదని ఎన్నిసార్లు చెప్పను? నిన్న ఇది ముందు పెడితే సంతోషంతో ఏడ్చేసింది. అప్పట్నుంచీ నాకు ముద్ద దిగట్లేదు."

ముక్కలక్క కోప్పడలేదు. కూతురికి పదేళ్ళు వచ్చేదాకా, తండ్రి రాసినట్టు ఉత్తరాలు తనే ఎడమచేత్తో రాసిన మనిషి ఆమె.

"తప్పు నాదే తమ్ముడూ. పోయినవారం కట్ట గట్టిది. చూసుకోలేదు" అంది. అది నిజం కాదు.

అదే లావు కడ్డీ, దానికన్నా రెండంగుళాలు ఎక్కువ పొడుగున్నది ఎంచింది. పొడుగుంటే తేలిగ్గా వంగుతుంది. కొసలు ఆకురాయితో నునుపు చేసి, గుడ్డ చుట్టి అందించింది.

"ఇక్కడే వంచు."

అతనికి వీపు తిప్పి, ముక్కల్ని పైకి లెక్కపెట్టడం మొదలెట్టింది. వెనక పళ్ళు బిగించిన ఊపిరి. లెక్క నలభై దాటాక చెప్పు నేలకు రాసుకున్న చప్పుడు. తర్వాత నవ్వు. తిరిగి చూస్తే కడ్డీ కొడవలిలా వంగి ఉంది.

"ఇది తీసుకెళ్ళి చూపించు. వైసు సంగతి కూడా చెప్పు."

"తిడుతుందక్కా!"

"తిట్టనీ. చెయ్యి నీది, నోరు ఆవిడది."

మధ్యాహ్నం నుంచి ఆమెకు ఎడమ భుజం బరువుగా అనిపించింది. కట్టలు మోసిన బరువే అనుకుంది. ఐదింటికి చేతులు కడుక్కుని, "కొత్త కట్ట నేనొచ్చేదాకా విప్పనివ్వకండి" అని యజమానికి చెప్పి బయలుదేరింది. మూడో అంతస్తులో తన గది. తలుపు తీసి, చెప్పులు విప్పుదామని కుర్చీలో కూర్చుంది. ఒకటి విప్పింది.

రెండోది పక్కింటావిడ విప్పింది, దీపాలు పెట్టే వేళకు.

సోమవారం కూతురు కొట్టుకు వచ్చింది. యజమాని బల్ల సొరుగు లాగి, దువ్వెన, మాత్రల అట్ట, కళ్ళజోడు ఒక్కొక్కటే ఆమె చేతిలో పెట్టాడు. అడుగున రకరకాల లావుల్లో కడ్డీలు, అన్నీ వంగినవే.

"ఇవెందుకు దాచింది?" అన్నాడు యజమాని.

కోత మిషను నడిపే ఆయన మిషను ఆపి వచ్చాడు. "అదే కట్టలోంచి ఒకటి తను వంచి చూడకుండా ఎవరికీ ఇచ్చేది కాదండీ. మేమంతా భోజనాలకు వెళ్ళాక వంచేది."

కూతురు వాటిని ఒక్కొక్కటే పక్కన పెట్టింది. చివరి కడ్డీ మిగతావాటికన్నా కాస్త లావు, వంచడం ఇంకా పూర్తికానిది. రెండు కొసలకూ పాత దిండు గలీబు ముక్కలు చుట్టి ఉన్నాయి. మధ్యలో బొటనవేలంత వంపు, అంతే.