వాషర్లు కుట్టిన ప్యాంటు

ఢిల్లీ ఆర్.కె.పురం క్వార్టర్స్‌లో ఉండే కృష్ణకుమారి చీరలన్నిటికీ ఫాల్ లోపల ఇనుప వాషర్లు కుట్టి ఉంటాయి. భయమేస్తే ఆవిడ నేల విడిచి పైకి లేస్తుంది. భయం తగ్గేదాకా దిగదు. అంత బరువున్నా కాస్త లేస్తూనే ఉంటుంది కనక, ఆఫీసులో డైరెక్టరు కేకేసినప్పుడల్లా పక్క సీటు జనార్దనరావు ఫైల్లోంచి తలెత్తకుండానే ఆవిడ హ్యాండ్‌బ్యాగు పట్టుకుని కిందికి లాగుతుంటాడు.

కూతురు ప్రణతికి పన్నెండో ఏట అదే మొదలైంది. తల్లి దాని తైక్వాండో ప్యాంటు అంచుల్లోనూ కాలికి ఆరేసి వాషర్లు కుట్టేసింది. ఆట నేర్పే కమ్యూనిటీ హాలు నిండా సీలింగ్ ఫ్యాన్లు మరి. మే నెలలో ఢిల్లీ జనాన్ని ఫ్యాను ఆపమని అడిగే ధైర్యం ఎవరికుంది?

బ్లాక్ బెల్టు రావాలంటే ఫ్లయింగ్ సైడ్ కిక్ కొట్టాలి. ఐదుగురు పిల్లలు వరసగా వంగి కూర్చుంటారు. పరుగెత్తుకొచ్చి వాళ్ల మీదుగా ఎగిరి, అవతల కోచ్ తోమర్ సర్ పట్టుకున్న చెక్కను విరగ్గొట్టాలి. మార్చిలో ప్రణతి నాలుగు వీపులు దాటి ఐదోదాని మీద పడింది. అది ఎనిమిదేళ్ల ఇషితది. పాపం, ఆ పిల్ల భుజం విరిగింది. సర్ తిట్టలేదు గానీ, మేలో ఇంకొక్క అవకాశం ఇస్తాననీ, అప్పుడూ కాకపోతే ఈ ఆట మానుకోమనీ చెప్పాడు. అప్పటి నుంచీ ప్రణతికి తిండి సయించడం లేదు. కళ్లు మూసుకుంటే ఆ వీపే.

పరీక్ష రోజు పొద్దున ఇడ్లీ ముందు కూర్చుని ఏడ్చింది. "మమ్మీ, ముఝ్‌సే నహీ హోగా, నావల్ల కాదు. మళ్లీ ఎవరి మీదో పడతాను."

 వాషర్ల బరువు సంగతి ఇన్నాళ్లూ కృష్ణకుమారికి తట్టనే లేదు.

"నువ్వు పడలేదే. నా వాషర్లు పడేశాయి," అంటూ కత్తెర తెచ్చి కూతురి ముందు పెట్టింది. "పైన ఫ్యాన్లున్నాయి, కింద పిల్లలున్నారు. వాషర్లు ఉంచాలో తీసెయ్యాలో నువ్వే చెప్పు."

ప్రణతి కత్తెర అందుకుంది. ఒక్కో కుట్టే కత్తిరించి వాషర్లన్నీ తీసేసింది.

హాల్లో ఐదో చోట మళ్లీ ఇషితే కూర్చుంది. కట్టు విప్పి వారమైంది, ఎవరు వద్దన్నా వినలేదు. ఆ వీపు చూడగానే ప్రణతికి ఒళ్లంతా చల్లబడింది. అయినా పరుగెత్తింది. ఆ భయమే దాన్ని ఎత్తుకుపోయింది. ఐదు వీపులూ దాటింది, చెక్క ఫట్‌మని విరిగింది. కాని దిగలేదు. ఇంకా ఇంకా పైకి పోతోంది, ఫ్యాను గాలికి పాపిట చెదిరిపోతోంది. ప్రాణాలరచేతిలో పెట్టుకుని కిందికి చూసింది.

ఇషిత లేచి నిలబడి, బాగైన చేతిని పైకి చాపుతోంది. "దీదీ, మైఁ ఠీక్ హూఁ. నేను బాగానే ఉన్నా, దిగు."

ప్రణతి దిగింది, మెల్లగా.

సోమవారం డైరెక్టరు కేకేశాడు. వాషర్లు విప్పేసిన తేలికపాటి చీరలో కృష్ణకుమారి జానెడెత్తు లేచింది. జనార్దనరావు అలవాటుగా చెయ్యి చాచాడు.

"ఉండనివ్వండి," అందావిడ. భయపడుతూనే, అంతెత్తునే నడుచుకుంటూ లోపలికి వెళ్లింది.