వియ్యంకుల ఫోల్డర్లు

సరిత చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ మధ్యమధ్య ల్యాప్‌టాప్ వంక చూస్తోంది. పొద్దున ఆరింటికి మొదలైన డౌన్‌లోడు పదకొండైనా పూర్తి కాలేదు. తమ స్టూడియో ఫొటోలు దాచిన కిరాయి సర్వరు మధ్యాహ్నం పన్నెండింటికి మూతపడుతుంది. మిగతావన్నీ నిన్ననే దించారు. మిగిలినవి మామిడిపల్లి కుర్మయ్యవీ, కొత్తూరులో ఆయన వియ్యంకుడు గోవర్ధన్‌వీ. కుర్మయ్య ఫోల్డరులో ఆయన కూతురు నిర్మల పెళ్లి ఫొటోలున్నాయి. వాటిని ఇవాళే తెచ్చి చూపిస్తానని సరిత భర్త మధు గోవర్ధన్‌కు మాటిచ్చాడు. కెమెరా కార్డులో అవి లేవు, దానిమీద అప్పుడే మరో పెళ్లి ఎక్కింది.

మధు తల తుడుచుకుంటూ వచ్చి తెర చూశాడు.

“ఏందే గిది? గోవర్ధన్‌ల కుర్మయ్య, కుర్మయ్యల మల్ల గోవర్ధన్! డిస్క్ నిండుతున్నది.”

“అవి లింకులు. ఒకరి దాంట్లకెళ్లి ఇంకొకరి దాంట్లకు దారి పెట్టిన. ఒక్క దిక్కే పెడితే రెండో వియ్యంకుడు చిన్నబోతడని రెండు దిక్కుల పెట్టిన.”

ఆ దారిని సాఫ్ట్‌వేరు నిజమైన ఫోల్డరే అనుకుంది. గోవర్ధన్ నుంచి కుర్మయ్యలోకి, అక్కణ్నుంచి మళ్లీ గోవర్ధన్‌లోకి ఐదు గంటలుగా తిరుగుతూనే ఉంది.

గడప దగ్గర కూర్చున్న అత్త సత్తెమ్మ నవ్వింది. “చుట్టాలింటికి పోతే గంతే బిడ్డా. జల్ది ఎల్లనియ్యరు.”

“నువ్వూ, నీ చుట్టరికాలూ!” అని సరితను విసుక్కుంటూ మధు డౌన్‌లోడు ఆపేశాడు.

సరిత కూర పొయ్యి మీద వేసి వచ్చేసరికి అతను ఆ తిరుగుడు ఆపాలని సర్వరులో గోవర్ధన్ ఫోల్డరు తెరిచి, లోపల కనబడ్డ కుర్మయ్యను నకలే అనుకొని డిలీట్ నొక్కేశాడు. సాఫ్ట్‌వేరు ఆ దారి పట్టుకొని అసలు ఫోల్డరులోకే పోయి పదహారు వందల ఫొటోలూ తుడిచేసింది. కుర్మయ్య ఫోల్డరు ఖాళీ.

“నీ లింకులు పాడుగాను!” అన్నాడు మధు. “అసలు ఫొటోలే పోయినయి. గోవర్ధనన్నకు ఇగ ఏం మొహం చూపియ్యాలె? కుర్మయ్యది దించుడు షురూ గూడ కాలేదు.”

సరిత చేతులు కొంగుకు తుడుచుకొని ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. కుర్మయ్య వంతు రాని మాట నిజమే. కానీ పొద్దుటి నుంచీ ఈనెలు తీస్తూ ఆమె తెర మీద చూసిన పేర్లలో నిర్మల ఫొటోలవీ ఉన్నాయి. ల్యాప్‌టాప్ డిస్కులోకి అప్పటికే దిగిన గోవర్ధన్ ఫోల్డరును తెరిచింది. దాని లోపల గోవర్ధన్ ఫొటోల పక్కనే కుర్మయ్య. అందులో పసుపు దంచడం మొదలు అప్పగింతల దాకా పదహారు వందలూ ఉన్నాయి.

“దొరికినయా బిడ్డా?” అంది సత్తెమ్మ.

“దొరికినయి అత్తమ్మా. వియ్యంకుల ఇంట్లనే ఉన్నయి.”

పెన్‌డ్రైవులోకి ఎక్కించి మధు చేతికిచ్చింది. అతను దాన్ని చొక్కా జేబులో పెట్టుకొని, పైనుంచి ఒకసారి తడిమి చూసుకున్నాడు. ‘పోయొస్త’ అనకుండా ఏనాడూ గడప దాటని మనిషి, ఆమె లింకులను తిట్టిన సిగ్గుతో హెల్మెట్ తీసుకొని ఆ మాటైనా అనకుండా వెళ్లిపోయాడు.