నక్షత్రం పెట్టిన గడి

ఆ ఊరి పేరు నేను చెప్పను. నర్సీపట్నంలో ఏ బస్సెక్కితే ఆ ఊరు వస్తుందో అదీ చెప్పను. రాచెల్ అన్నది ఆ పిల్లకి నేను పెట్టిన పేరే. ఇంత దాపరికం ఎందుకయ్యా అంటారేమో, కథ విన్నాక మీరే చెబుదురుగాని.

రాచెల్ డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా, కాలేజీ నుంచి ఇంటికొచ్చే దారిలో, ఆ ఊరి జీడితోటల ఆసామి కొడుకు ఆమె మీద అత్యాచారం చేశాడు. తల్లి ఎస్తేరమ్మ మొగుడు పోయిన మనిషి. అయినా వెనకాడకుండా కూతుర్ని వెంటబెట్టుకెళ్ళి కేసు పెట్టింది. పోలీసులు కేసు కట్టారు, వాణ్ణి పట్టుకెళ్ళారు. ఊరికి మాత్రం సంగతి తెలియలేదు. జీపు వచ్చింది బోరు మోటారు దొంగతనం గురించని అందరూ అనుకున్నారు, రెండిళ్ళవాళ్ళూ అనుకోనిచ్చారు. కొడుకు హైదరాబాదులో పనికి కుదిరాడని ఆసామి చెప్పాడు. కూతురికి పట్నంలో ఉద్యోగం దొరికిందని ఎస్తేరమ్మ చెప్పింది. వాళ్ళు పరువు కోసం, వీళ్ళు బతుకు కోసం, ఒకే గుట్టుని చెరో పక్కనుంచి కాపాడుకొచ్చారు.

నర్సీపట్నంలో బస్సుల కాంప్లెక్స్ వెనక సందులో తల్లీకూతుళ్ళు ఒక వాటా అద్దెకి తీసుకున్నారు. ఎస్తేరమ్మ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయాగా చేరింది. రాచెల్ ఒక జిరాక్సు షాపులో కంప్యూటర్ ముందు కూర్చుంది. కేసు కోర్టులో నత్తలా పాకి పాకి, చివరికి ఆమె సాక్ష్యం చెప్పే వాయిదా వేసవికి పడింది.

“తలుపులు మూసిన గదిలో అడుగుతారమ్మా. నీ పేరు బయటికి పొక్కదు. నువ్వు గట్టిగా నిలబడ్డావంటే వాడు లోపలికెళ్ళడం ఖాయం,” అన్నాడు ప్రభుత్వ వకీలు. రాచెల్ ఆ మాటే పట్టుకుంది. ఎవరికీ తెలియదు కాబట్టే తను నోరు విప్పగలదు. ఆమె ధైర్యమంతా ఆ ఒక్క దాపరికం మీద ఆధారపడి ఉంది.

అలాంటి ఇంటి పక్క వాటాలోకి కళావతి వచ్చి దిగింది.

కళావతిది ఎస్. రాయవరం దగ్గర, చెరకు పండించే ఇల్లు. విశాఖలో పరిశోధన చేస్తూ, ఈ చుట్టుపక్కల స్టేషన్ల లెక్కల కోసం నర్సీపట్నం వచ్చింది. ఆడవాళ్ళ మీద జరిగే నేరాల్లో శిక్షలు ఎందుకు పడటం లేదన్నది ఆమె తేల్చదలచుకున్న విషయం. మనసు మంచిదే. మంచి మనసున్నవాళ్ళతో వచ్చే చిక్కేమిటంటే, వాళ్ళని ముందే చూసి పక్కకి తప్పుకోవాలని ఎవరికీ తోచదు. ఎస్తేరమ్మ ఆ పిల్ల ఒంటరిగా వండుకుంటోందని జాలిపడి రోజూ ఒక కంచం ఎక్కువ పెట్టేది.

“కళమ్మా, సల్లారిపోతంది, బేగి రా. ఆ కాయితాలెక్కడికీ పారిపోవులే.”

అన్నం తింటూ కళావతి లెక్కల కథలు చెప్పేది. ఢిల్లీలో అచ్చేసే నేరాల పుస్తకంలో లెక్క జిల్లా దగ్గర ఆగిపోతుందట. ఏ స్టేషన్లో ఎన్ని అంటే ఎవరూ చెప్పరు, సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాలి, తిప్పి పంపితే అప్పీలు పెట్టాలి. అలా తిరిగి తిరిగి ఆమె ఒక కట్ట సంపాదించింది.

“జిల్లా మూడు ముక్కలైన ఏడు నేరాలు మూడో వంతుకి తగ్గిపోయాయని ఒకాయన మైకులో చెప్పాడు ఆంటీ. జిల్లాయే మూడో వంతైందని ఆయనకి తట్టలేదు! ఇంకో తమాషా ఉంది. ఒకే కేసులో నాలుగు నేరాలుంటే అందులో పెద్దదొక్కటే లెక్కలోకి వస్తుంది. మిగతా మూడూ గాల్లో కలిసిపోయినట్టే.”

“మూడు గాల్లో కలిపీసినోలికి నాలుగోది కలపడం ఎంత సేపులే తల్లీ,” అంది ఎస్తేరమ్మ, చారు వడ్డిస్తూ. కళావతి పకపకా నవ్వింది. రాచెల్ తలెత్తలేదు.

ఆ కట్ట టైపు చెయ్యడానికి కళావతికి చెయ్యి తిరిగిన మనిషి కావాల్సివచ్చింది. పక్కనే రాచెల్ ఉంది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఇద్దరూ లాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నారు. కళావతి చదివేది, రాచెల్ కొట్టేది. అడ్డంగా ఏళ్ళు, నిలువుగా స్టేషన్ల పేర్లు. దొంగతనాలు, కొట్లాటలు, గంజాయి కేసులు గబగబా పడిపోయాయి. తరవాత అత్యాచారాల కాగితం వచ్చింది. తన ఊరి స్టేషను వచ్చింది, ఆ ఏడాది వచ్చింది.

“ఒకటి,” అంది కళావతి.

రాచెల్ వేళ్ళు కదల్లేదు. అన్నాళ్ళుగా తల్లికీ తనకీ మధ్య కూడా పేరు పెట్టి పలకని సంగతి, అక్కడ అంకె అయి కూర్చుంది. స్టేషను మొత్తానికి, ఆ ఏడాది మొత్తానికి తనొక్కతే.

“అక్కా, ఈ ఒకటి ఎయ్యాలా?”

“వెయ్యక?”

“తీసీకూడదా?”

“ఏటే పిల్లా, అలాగంటావు! ఇవాళ ఒకటి తీసేస్తే రేపు పది తీసేస్తారు. లెక్కే అబద్ధం చెబితే ఇంక ఆడదానికి న్యాయం ఎక్కడుంటుంది?” అంది కళావతి. ఆ వాక్యం ఆమెకే ఎంతో నచ్చి, ముందుమాటలో వాడుకుందామని రాసిపెట్టుకుంది.

“అది కాదక్కా. ఒక్కర్తే ఉంటే, ఆ ఒక్కర్తీ ఎవరో ఊరోలు కనిపెట్టీరా?”

కళావతి రాచెల్ని మెచ్చుకోలుగా చూసింది. “నీకు బుర్రుందే! దానికీ ఓ పద్ధతి ఉందిలే. మూడు కంటే తక్కువున్న గడిలో అంకె వెయ్యం, నక్షత్రం పెడతాం. అప్పుడు అది ఒకటో రెండో బ్రహ్మదేవుడికి కూడా తెలీదు. పెట్టు, నువ్వే పెట్టు.”

రాచెల్ నక్షత్రం పెట్టింది. గుండెల మీంచి బరువు దిగినట్టయింది. సాయంత్రం షాపు దగ్గర్నుంచి వేడి పకోడీ తెచ్చి కళావతికి పెట్టింది. అన్నాళ్ళలో ఆమె తనంత తానుగా ఒకరికేదైనా కొని తేవడం అదే మొదలు. ఎస్తేరమ్మ కళ్ళు తుడుచుకుంది.

ఆ నక్షత్రం సంగతి కళావతి గైడు నారాయణమూర్తిగారికి ఫోన్లో చెబితే, ఆయన మెచ్చుకుని ఓ మాట కలిపాడు. “నక్షత్రాలు పెట్టుకో అమ్మా, కాని మొత్తాలు తేలాలి. జిల్లా లెక్కతో సరిపోకపోతే నీ పట్టికని ఎవడు నమ్ముతాడు?” కనక మొత్తం అలాగే ఉండిపోయింది. ఆ ఏటి అంకెల కింద, జిల్లా మొత్తం పద్దెనిమిది. తక్కిన స్టేషన్ల అంకెలు కూడితే పదిహేడు. ఆ పద్దెనిమిదిని టైపు కొట్టింది కూడా రాచెలే. నక్షత్రం చూసుకున్న సంబరంలో కింద ఏముందో ఆమె పట్టించుకోలేదు. చదువుకున్నామెకే తట్టనిది చదువు మధ్యలో ఆగిపోయినదానికి ఏం తడుతుంది?

కళావతి నర్సీపట్నంలోనే ఒక సదస్సులో ఆ పత్రం చదివి, చప్పట్లు కొట్టించుకుని, విశాఖ వెళ్ళిపోయింది. వెళ్ళేముందు ఒక కాపీ మత్స్యలింగానికి ఇచ్చింది. మత్స్యలింగం పేపరుకి వార్తలు పంపే మనిషి. గంజాయి పట్టివేతలు, లారీ బోల్తాలు రాసి రాసి విసుగెత్తి ఉన్నాడు. పట్టికలో నక్షత్రం కనపడేసరికి కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. మర్నాడు జిల్లా పేజీలో స్టేషను పేరుతో, ఏడాదితో సహా పెట్టెకట్టి వేశాడు: ‘దాచిన అంకె ఒకటి!’

అక్కడితో ఆగక షాపుకొచ్చి ఆ వార్తకి జిరాక్సులు తీయించుకున్నాడు.

“చూశావామ్మా, ఎంత దాచినా అంకె దాగుద్దా? పద్దెనిమిదిలోంచి పదిహేడు తీస్తే ఎంత? అంతే గదా! మా మూడో తరగతి మేస్టారి పుణ్యం.”

రాచెల్ మిషను మూత ఎత్తి తనని తాను కాపీలు తీసిచ్చింది.

రాచెల్ ఊళ్ళో టీకొట్టు దగ్గర మిగతా తీసివేత జరిగింది. మన స్టేషను కింద ఒక్కటంటే ఒక్కటి, ఆ ఏడు. ఆ ఏడు జీపొచ్చింది ఏ ఊరు? మనూరే. ఆ నెల్లోనే ఊరొదిలి వెళ్ళిందెవరు? నాలుగిళ్ళవాళ్ళు. ఒకడు గాజువాకలో పనికి వెళ్ళాడు, ఇంకొకడు కూతురింటికి పోయాడు. ఆ ఇద్దర్నీ తీసెయ్. మిగిలిందెవరు, ఆసామి కొడుకూ, ఎస్తేరమ్మ కూతురూ. పదో తరగతి మూడుసార్లు తప్పినవాళ్ళు కూడా ఆ లెక్క ఇట్టే చేసి పారేశారు. ఎస్తేరమ్మ తమ్ముడు వరదానం ఫోను చేశాడు.

“అక్కా, పేపర్ల మన యవ్వారం పడిపోనాది. పిల్లని కొన్నాళ్ళు బయటికి రానీకు.”

ఊరి సంగతి అలా ఉండగా, పట్నంలో మిగిలిన గుట్టు చర్చిలో పోయింది. ఆరాధన చివర ఎవరికి ఏ కష్టముందో పేరు చెప్పి ప్రార్థన చెయ్యడం అక్కడి అలవాటు. పాస్టరమ్మ చెడ్డది కాదు. ఊరి చుట్టాల నోట సంగతి విని, ఆదివారం మైకు పట్టుకుని, గొంతు వణుకుతుండగా, “ప్రభువా, మన బిడ్డ రాచెల్, ఆమె శరీరానికి జరిగిన అవమానం...” అని మొదలుపెట్టింది. చీరకొంగులు తలలమీద కప్పుకున్న ఆడవాళ్ళందరూ కళ్ళు మూసుకోవాల్సినవాళ్ళు, కళ్ళు తెరిచి వెనక్కి తిరిగి చూశారు. తడిగుడ్డతో గొంతు కొయ్యడమంటే అదే. ఆమేన్ అన్నప్పుడు అందరికంటే గట్టిగా అన్నది కూడా పాస్టరమ్మే.

ఆసామికి ఇక పోయే పరువు లేదు. పోయాక మనిషి ఎంత బలవంతుడవుతాడో చూడాలంటే ఆయన్ని చూడాలి. “ఆ పిల్లే మావోడి ఎంట పడ్డాది. డబ్బులు సాలక కేసెట్టినారు,” అని బాహాటంగా చెప్పుకు తిరిగాడు. నమ్మినవాళ్ళు నమ్మారు, నమ్మనివాళ్ళు నమ్మినట్టు తలూపారు. షాపు ఓనరు రాచెల్ని వెనక గదిలో కూర్చుని పనిచేసుకోమన్నాడు. ఆమె మొహం చూడ్డానికే జిరాక్సుకి వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారట. ఆసుపత్రిలో ఎస్తేరమ్మతో కలిసి అన్నం తినే ఆయాలు వేరే బెంచీ చూసుకున్నారు.

వాయిదా దగ్గరపడింది. ఎస్తేరమ్మ అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి, నోట పెట్టుకోకుండా, కూతురితో అంది.

“సెప్పీ అమ్మా, జరగలేదని.”

“అమ్మా!”

“కోర్టుల జరగలేదంటే జరగనట్టే. జడ్జీగారే లేదన్నారని ఊరోల మొకాన కొడదాం. ఆ ఒకటి సెరిపీసుకుందామే. నువ్వు బతకాల గదా.”

కేసు పెట్టించినదీ ఆ నోరే. రాచెల్‌కి తల్లి మీద కోపం రాలేదు, అదే ఆమెని భయపెట్టింది. తనకీ ఆ మాటే హాయిగా వినపడింది.

కోర్టులో చెప్పినట్టే తలుపులు మూశారు. ఇప్పుడు ఆ తలుపులు మూసి ఏం లాభమో ఎవరూ అడగలేదు. వకీలు ధైర్యం చెబుతున్నట్టు తలూపాడు. జడ్జిగారు నెమ్మదిగా అడిగారు.

“నాకేటీ జరగలేదండి,” అంది రాచెల్. “ఆయనెవరో నాకు తెలీదండి.”

సాక్షి ఎదురు తిరిగిందని రాసుకున్నారు. తీర్పు రావడానికి ఎన్నాళ్ళో పట్టలేదు, వినడానికి తల్లీకూతుళ్ళూ వెళ్ళారు. వాడు బయటికొచ్చి ఆవరణలోనే బుల్లెట్ స్టార్టు చేసి, రాచెల్ పక్కనుంచి పోతూ, “థాంక్సండీ,” అన్నాడు.

మరుసటేడు వానల్లో కళావతి మళ్ళీ వచ్చింది, కొత్త కట్టతో. ఎస్తేరమ్మకి చీర, రాచెల్‌కి పెన్‌డ్రైవు తెచ్చింది. ఎస్తేరమ్మ చీర తీసుకుని లోపలికి వెళ్ళిపోయి, మరి బయటికి రాలేదు. ఇల్లు కాస్త ముభావంగా ఉందని కళావతి అనుకుంది గాని, కారణం అడగలేదు. ఆమె తొందరలో ఉంది.

“ఇవి కోర్టులో తేలిన కేసులే. చదువుతాను, కొట్టు.”

రాచెల్ కొట్టింది. శిక్ష పడినవి, రాజీ అయినవి, కొట్టేసినవి. తన స్టేషను వచ్చింది.

“నిర్దోషిగా విడుదల, ఒకటి.”

అది చెరిగిపోలేదన్నమాట. ఆ గడిలోంచి లేచి ఈ గడిలోకొచ్చి కూర్చుంది. రాచెల్ ఒకటి కొట్టింది.

“ఆగు, అంకె ఉంచకు, నక్షత్రం పెట్టు,” అంది కళావతి. “కిందటిసారి ఏం జరిగిందో తెలుసా? మొత్తం ఉంచేశాను, ఆ పేపరోడు తీసేసి చూసుకున్నాడు. గైడుగారు నవ్వారు. పోనీలే, ఎవరికీ ఏం నష్టం జరగలేదు కదా అన్నారు. ఈసారి మొత్తానిక్కూడా నక్షత్రమే. అన్నట్టు ఈ కాగితం చూడు, సాక్షి మాట మార్చిందట. కేసు పెట్టినావిడే! నాకు ఒళ్ళు మండిపోతుందే. మనం ఇక్కడ కళ్ళు కాయలు కాచేలా లెక్కలు పోగేస్తుంటే, తీరా వీళ్ళెళ్ళి ఏం జరగలేదంటారు. ఈవిడ దొరికితే అడగాలనుంది, ఎవరికి భయపడ్డావమ్మా అని.”

“తీసివేతలు వచ్చినోలందరికీనక్కా,” అంది రాచెల్.

కళావతికి అర్థం కాలేదు, అయినా నవ్వి, తరవాతి స్టేషను చదివింది. రాచెల్ మొత్తం ఉన్నచోట నక్షత్రం పెట్టింది.