రెండు గజాల ఎండ

వార్డు నేలమీద ఎండ పడింది.

రెండు గజాల గుడ్డ పరిచినట్టు... చివరి కిటికీ కింద, పచ్చగా, వెచ్చగా.

మూడో మంచం మీది ముసలమ్మ దాన్నే చూస్తోంది.

దుప్పటి తీసింది. మేజోళ్ళ కాళ్ళు నేలకు ఆన్చింది. లేచింది. ఒక అడుగు. ఇంకో అడుగు—

పడింది.

నిన్నా పడింది. మొన్నా పడింది. ఇంట్లో ఊరికే పడిపోతోందనే కొడుకు తెచ్చి ఇక్కడ చేర్పించాడు.

పెద్ద డాక్టరుగారు వచ్చారు. వెనకే మేము, ఆఖరి ఏడాది విద్యార్థులం, తెల్లకోట్ల మంద.

"వయసు," అన్నారాయన.

మేమంతా రాసుకున్నాం. వయసు.

మా బ్యాచ్‌లో ఎవరు దేనికి డాక్టరు కావాలనుకుంటే వాళ్ళకు అదే పేరు. గుండెకాయ ఉన్నాడు. కనుగుడ్డు ఉంది. మెదడు ఉన్నాడు, పరీక్ష తప్పినా ఆ పేరు పోలేదు. నాకైతే పుట్టకముందే మా నాన్న గుండెను ఖాయం చేశారు. నేనే ఇంకా తేల్చుకోలేదు. అందుకే నాకు పేరు లేదు.

గుండెకాయ ఆమె గుండె విన్నాడు. బాగుంది. కనుగుడ్డు కళ్ళలోకి లైటు వేసి చూసింది. బాగున్నాయి. తలకు స్కానింగు తీయించారు. మెదడు దాన్ని వెలుతురుకు పెట్టి తెగ చూశాడు. అదీ బాగుంది. ఎవరి వాటా వాళ్ళు చూసుకున్నారు.

కొండను తవ్వారు... ఎలుకైనా దొరకలేదు.

దొరకనిదానికల్లా ఒకటే పేరు. వయసు.

మంచానికి రెండు వైపులా రెయిలింగు ఎత్తించారు. ఎటు పోతోందో తనకే తెలియడం లేదు, రేపు ఇంటికి తీసుకుపోండి, ఇక మంచం దిగనివ్వొద్దు అన్నారు. కొడుకు తలూపాడు.

ఇక నడవొద్దు — ఒక మనిషికి ఆ మాట చెప్పడానికి ఆయన కూర్చోనైనా కూర్చోలేదు!

బీపీ చూడమని నన్ను ఉంచి వెళ్ళారు. ఆమె చలికి వణుకుతోంది. జారిన మేజోడు పైకి లాగుదామని వంగాను. చటుక్కున కాలు వెనక్కి తీసుకుంది.

"వద్దు పిల్లా. సిగ్గు."

"నా దగ్గర సిగ్గేంటి అమ్మమ్మా?"

తీశాను.

గోళ్ళు.

మందమై, వంకర తిరిగి, వేళ్ళ కిందికి చుట్టుకుని, కండలోకి దిగిపోయిన గోళ్ళు. ప్రతి అడుగూ వాటి మీదే.

బతుకంతా కుట్టుమిషను తొక్కిన కాళ్ళట. ఆమె వంగలేకపోయింది, కోసుకోలేకపోయింది. కోడల్ని అడగడానికి మొహం చెల్లలేదు. చలేసింది, ఎండలోకి పోదామనుకుంది. అంతే.

"డాక్టర్లకు చెప్పలేదా?"

"అందరూ తల దగ్గరే నిలబడ్డారు తల్లీ. కాళ్ళ దాకా ఎవరొచ్చారు?"

నాకు ఒళ్ళు మండిపోయింది.

బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడమంటే ఇదే. తలకాయ లోపలంతా ఫొటో తీశాం, మేజోళ్ళు తీయలేదు! పసిపిల్ల నడవకపోతే ఇంటిల్లిపాదీ ఆసుపత్రికి పరిగెత్తుతారు. ముసలమ్మ నడవకపోతే... వయసు. వయసుకు గోళ్ళుంటాయా? మేము ఇంతమందిమి ఉండి పాదాలు ఎవరికీ అక్కర్లేకపోయాయి.

డ్రెస్సింగు గది సిస్టరును అడిగి వేడినీళ్ళూ గోళ్ళు కోసే కత్తెరా తెచ్చాను. "నీకెందుకమ్మా ఈ పని" అంటూనే ఆవిడ పక్కన కూర్చుంది. నానబెట్టి, మెల్లగా... ఒక్కో వేలూ. చివరి వేలు అయ్యేసరికి కిటికీ కింద ఎండ జానెడు మిగిలింది.

రెయిలింగు గడియ తీసి దించాను. ముసలమ్మ నా భుజం పట్టుకుంది.

ఒక అడుగు. ఇంకో అడుగు. ఇంకో—

పడలేదు.

ఆ జానెడు ఎండలో రెండు పాదాలూ పెట్టి నిలబడింది. మిషను తొక్కినట్టు, వేళ్ళు కాస్త ఆడించింది. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున్నే పెద్ద డాక్టరుగారికి చెప్పాను. గోళ్ళు సార్. కోశాం. నడుస్తోంది.

"గోళ్ళు కోయడానికా మీ నాన్న నిన్ను చదివిస్తున్నది?"

అందరూ నవ్వారు. గుండెకాయ అందరికన్నా గట్టిగా.

"ఇంతకీ పైచదువు దేంట్లో?"

నోటికి అదే వచ్చింది.

"ముసలివాళ్ళ వైద్యంలో సార్."

నవ్వు ఆగింది. ఆయన మొహంలో జాలి.

"అది వైద్యం కాదమ్మా, ఓపిక. చదువుకునే పిల్లవి, పాడైపోకు."

పాడైపోవడమట!

రేపు ఆయనకు నడుం వంగని రోజు రాదా? ఆయన మేజోళ్ళు ఎవరు తీస్తారు? గుండెకాయా? కనుగుడ్డా?

ఆమెను ఒక్కసారైనా నడిపించి చూడలేదు. మాట మారలేదు. వయసు. మంచం దిగనివ్వొద్దు. రెయిలింగు మళ్ళీ ఎత్తే ఉంది. కొడుకు సంచీ సర్దుతున్నాడు. తెల్లకోట్లు నాలుగో మంచానికి కదిలాయి.

"ఏయ్ ముసలమ్మా, రావేం?" గుండెకాయ నన్ను పిలిచాడు.

పేరు పెట్టేశారన్నమాట.

ఇద్దరం తల తిప్పాం. ఆమే... నేనూ.

ఆమె నా వంక చూసింది. తర్వాత కిటికీ వంక చూసింది. నా చెయ్యి రెయిలింగు గడియ మీద ఉంది.

అటు పిలుస్తున్నారు.

వార్డు నేలమీద ఎండ పడింది... రెండు గజాల గుడ్డ పరిచినట్టు. ఇంకా ఎవరూ తొక్కలేదు.