మనిషి దొరికే కథలు

నవంబరులో కెనడాలోని విన్నిపెగ్ సరస్సు మీద మంచు ఇంకా గట్టిపడకముందే, దాని కింద చేపల వలలు వేయడానికి వెళ్లిన ఐనార్ తిరిగి రాలేదు. మంచు మీద నడిపే అతని స్నోమొబైల్ బండి మునిగిన చోటు తెల్లారేసరికి మళ్లీ గడ్డకట్టింది. పోలీసులు వెతికారు, ఊళ్లో చేపలు పట్టేవాళ్లంతా వెతికారు. మంచు కరిగేదాకా ఇక చేసేదేం లేదని చెప్పి పోలీసులు వెళ్లిపోయారు.

తల్లి రగ్నా ఆ చలికాలమంతా నవలలు చదువుతూ కూర్చుంది. ఊరి లైబ్రరీలో కెనడా రచయితలకు విడిగా ఒక బీరువా ఉంది. అక్కడ పనిచేసే పాలిన్ ఏదిస్తే అది తెచ్చుకునేది. తనలాంటి తల్లి ఏదో ఒక పుస్తకంలో ఉండకపోదు, ఆవిడ ఆ తర్వాత ఎలా బతికిందో చూడాలని ఆమె ఆశ.

మొదట గోధుమ పొలాల కథ ఒకటి చదివింది. అందులో తల్లి మంచు తుపానులో కొడుకును పోగొట్టుకుంది.

"ఏడిపించిందా?" అంది పాలిన్, పుస్తకం వెనక్కి తీసుకుంటూ.

"ఎందుకేడుస్తాను? ఆవిడకు పూలు పెట్టుకోవడానికి సమాధి ఉంది."

ప్రేమకథ సగంలో వదిలేసింది. దయ్యాల కథ చదివిన రోజు మాత్రం వీధి తలుపు గడియ తీసి ఉంచింది. భర్త లారస్ లేచి గడియ పెట్టి, "ఇల్లంతా చల్లబడి చస్తోంది. నీకేమైనా పిచ్చా?" అన్నాడు. కొడుకు పోయాక అతను ఆమెతో అన్న అతి పొడవైన మాట అదే. ఏదో జబ్బుతో లోకమంతా చచ్చిపోయే కథొకటి వచ్చింది. అది మాత్రం హాయిగా చదువుకుంది. చదివాక తన మీద తనకే అసహ్యం వేసింది.

చివరికి పాలిన్ ఒక డిటెక్టివ్ నవల ఇచ్చింది. రెండో అధ్యాయంలోనే ఏటి ఒడ్డున శవం దొరికింది. రగ్నా ఆ పుస్తకాన్ని వంటింటి బల్ల మీదికి విసిరికొట్టి పడుకుంది.

మర్నాడు పొద్దున ఆమె కాఫీ పెట్టడానికి వెళ్తే, లారస్ ఆ బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. పేపరు తప్ప ఏదీ చదవని మనిషి, వేలితో అక్షరాలు పట్టుకుంటూ చదువుతున్నాడు. ఆమె వెనక నిలబడి చూసింది. ఆ రెండో అధ్యాయమే. అయిపోగానే మళ్లీ మొదటికి వెళ్లాడు.

"ముందుకెళ్లు. ఎవరు చంపారో చివర్లో ఉంటుంది" అంది.

"ఎవడు చంపితే నాకేంటి?" అన్నాడు లారస్, తల ఎత్తకుండానే. "దొరికాడుగా."

రగ్నా అతని ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. అప్పటినుంచి డిటెక్టివ్ నవలలే తెచ్చింది. సాయంత్రాలు ఆమె పైకి చదివేది, అతను వినేవాడు. శవం దొరకగానే ఆపేసేవారు. ఆ కాసేపూ ఒకరి పక్కన ఒకరు ఉన్నట్టుండేది.

మే నెలలో మంచు విరిగింది. పోలీసు పడవలు వచ్చాయి, వెతికాయి, వెళ్లిపోయాయి. ఆ సాయంత్రం ఆమె కొత్త పుస్తకం తెరవబోతే లారస్ ఆమె చేయి పట్టుకున్నాడు.

"వద్దు రగ్నా. ఇక వినలేను."

జూన్‌లో అతను మళ్లీ చేపలకు వెళ్లడం మొదలుపెట్టాడు. వేరే పని రాదు, వేరే సరస్సు లేదు. ఒకరోజు అలసిపోయి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా గుమ్మంలోనే కూర్చున్నాడు.

"ఇవాళ ఒక వల బరువుగా వచ్చింది" అన్నాడు. "చాలాసేపు లాగలేకపోయాను. చేతులు ఆడలేదు."

"ఏముంది అందులో?"

"దుంగ."

రగ్నా అతని పక్కన నేల మీద కూర్చుంది. దుంగైనందుకు ఆమెకు ఊరట కలిగింది, ఆ వెంటనే, వాడు ఇంకా దొరకలేదే అనిపించింది. రేపు మళ్లీ వలలు తీయాలి.